చెయ్యి జారినవాడు

ఈ మధ్య పిల్లలకు స్కేటింగ్ నేర్పే పనిలో కొత్తగా చేరిన ఇద్దరమ్మాయిలు నన్ను చూడడానికి వచ్చారు. మీ కాలంలో ఎలా ఉండేదో రాసిపెట్టండి మేడమ్ అన్నారు. వాళ్ల ఆసక్తి కప్పుల గురించి, పాత ఫొటోల గురించి. కప్పులు బీరువా మీద ఉన్నాయి, దుమ్ము పట్టి. వాటి గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు. గెలిచిన రోజు ఎవరికైనా ఒకలాగే ఉంటుంది. ఈ పనిలో నాకు గట్టిగా తెలిసిన సంగతి ఒకటుంది. అది మా అన్నయ్య వల్ల తెలిసింది, తెలియవలసిన దానికంటే చాలా ఆలస్యంగా. అదే రాస్తాను.

చెక్క నేల

ఫిగర్ స్కేటింగ్ అంటే మంచు మీద ఆడే ఆట అని మీరు చదివి ఉంటారు. బెంగాల్లోని మా రైల్వే ఊరు ఖరగ్‌పూర్‌లో మంచు ఎక్కడిది? మేం ఆడింది నాలుగు చక్రాల బూట్లతో, టేకు చెక్క నేల మీద. తెల్లదొరలు డాన్సులు చేసుకోవడానికి వేయించుకున్న నేల అది. స్వాతంత్ర్యం వచ్చాక దొరలు వెళ్లిపోయారు. ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు కొన్ని మిగిలాయి, వాళ్ల క్లబ్బు మిగిలింది. ఆ క్లబ్బు పేరు, దాన్ని నడిపినవాళ్ల పేర్లు ఇక్కడ రాయను. వాళ్ల పిల్లలు, మనవలు ఇంకా ఊళ్లో ఉన్నారు.

అక్కడ సాయంత్రాలు స్కేటింగ్ నేర్పేది ఐవీ మేడమ్. గూడ్సు బండి గార్డు భార్య. పొట్టిగా, బిగువుగా ఉండేది, మాట కరుకు. మా నాన్న వర్క్‌షాపులో ఫిట్టర్. బూట్ల చక్రాల్లో బేరింగులు అరిగిపోతే ఆవిడ మా నాన్న దగ్గరికి పంపేది. అలా పోతూ వస్తూ ఒకరోజు నాన్న మా ఇద్దర్నీ వెంట తీసుకెళ్లాడు. అన్నయ్య గోపాలం నాకంటే మూడేళ్లు పెద్ద. మేం గోడకి ఆనుకుని నోళ్లు తెరిచి చూస్తుంటే ఆవిడ రెండు జతల పాత బూట్లు మా ముందు పడేసింది. అంతే, అలా మొదలైంది.

అమ్మకి ఇష్టం లేదు. పూరీ గేట్‌లో మా వరసలో ఉన్న తెలుగు ఇళ్లన్నీ ఒకరి గుమ్మంలోంచి ఒకరు చూసుకునేంత దగ్గర. ఎదిగే పిల్ల మోకాళ్లు కనబడే గౌను వేసుకుని, మగపిల్లాడి చెయ్యి పట్టుకుని తిరగడమేమిటని అడిగింది. ఆ పట్టుకునేది సొంత అన్న చెయ్యే కదా అన్నాడు నాన్న. ఆ ఒక్క మాట మీద నా ఆట నడిచింది. గోపాలం లేకపోతే నేను ఆ నేల మీద అడుగు పెట్టేదాన్ని కాదు.

మొదటి ఏడాదంతా ఐవీ మేడమ్ మాకు గుండ్రాలు తప్ప ఏమీ నేర్పలేదు. నేల మీద సుద్దతో రెండు గుండ్రాలు ఎనిమిది అంకెలాగా గీసేది. ఒంటికాలి మీద ఆ గీత వెంటే పోవాలి, అదే గీత మీద తిరిగి రావాలి. పందెంలో జడ్జీలు గొంతుక్కూర్చుని మరీ చూస్తారు, చక్రం గీత దాటిందా లేదా అని. ఇప్పుడు మీరు పిల్లలకి ముందు గెంతడం నేర్పుతున్నారు, తల్లిదండ్రులు చప్పట్లు కొడతారని. అది తప్పు. గీత మీద నిలవలేని పిల్ల గాల్లోంచి దిగి ఎక్కడ నిలుస్తుంది?

జంట

జంటగా ఆడేవాళ్లలో అందరూ చూసేది ఆడపిల్లనే. గాల్లో ఉన్నది ఆమే కాబట్టి. కింద ఉన్నవాడి నడుము, భుజం, మణికట్టు ఎవరికీ పట్టవు. గోపాలానికి అది బాగానే ఉండేది. నలుగురి ముందుకి రావడం వాడికి ఎప్పుడూ ఇష్టం లేదు. ఆట అయ్యాక వంగి నమస్కారం పెట్టేటప్పుడు కూడా ఒక అడుగు వెనక్కి ఉండేవాడు.

పద్దెనిమిది నిండగానే వాడికి లోకో షెడ్డులో పని దొరికింది. కొన్నాళ్లకి ఫైర్‌మన్ అయ్యాడు. ఇంజన్‌లో నిప్పు ముందు నిలబడి, ఊగే ఇనుప పలక మీద కాళ్లు ఊనుకుని, పారతో బొగ్గు వెయ్యాలి. పొద్దున్నే బండి దిగి, ఇంటికొచ్చి, రెండు బిందెలు నెత్తిన కుమ్మరించుకుని నిద్రపోయేవాడు. సాయంత్రం క్లబ్బుకి వచ్చేసరికి తెల్ల చొక్కా ఇస్త్రీ మడతలతో ఉండేది కానీ గోళ్ల సందుల్లో బొగ్గు మాత్రం ఎన్నడూ పోలేదు. నా నడుం దగ్గర గౌనుకి నల్లటి వేలిముద్రలు పడేవి. అమ్మ వాటిని ఉతకలేక విసుక్కునేది.

కలకత్తాలో జంటల పందెం గెలిచాం, ఒకసారి కాదు. ఒక చలికాలం క్లబ్బువాళ్లు మమ్మల్ని సిమ్లా కూడా పంపారు, అక్కడ నిజమైన మంచు మీద పందెం అని. అరువు తెచ్చుకున్న బూట్లు, కింద చక్రాలకి బదులు కత్తులు. వారం రోజుల సాధనతో మేం దిగాం, అందరికంటే ఆఖరున వచ్చాం. కానీ ఆ వారం మా ఇద్దరి జీవితంలో మంచి వారం. చెక్క మీద చక్రం జాడ కనబడదు, మంచు మీద కత్తి గీత అలాగే నిలిచిపోతుంది. పొద్దున్నే అందరికంటే ముందు వెళ్లి అన్నయ్య ఒక ఎనిమిది గీశాడు. దాని మీదే మళ్లీ తిరిగాడు. ఆగి చూస్తే రెండు గీతలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ఉన్నాయి. అక్కడి శిక్షకుడొకాయన వచ్చి ఇది ఎవరు గీశారని అడిగాడు. వీడు నా వైపు చూపించాడు.

సెక్రటరీ

క్లబ్బుకి కొత్తగా ఒక సెక్రటరీ వచ్చాడు. రైల్వేలో ఆఫీసరు, చదువుకున్నవాడు, మాట మెత్తన. మా ఆటంటే నిజంగానే ఇష్టపడేవాడు, ఆ మాట కాదనను. కానీ ఆయనకి ఆట అంటే వచ్చిన అతిథుల ముఖాలు. ఈ పనిలో మీకు ఇలాంటివాళ్లు చాలామంది తగులుతారు. కోపిష్టి పైవాడికంటే వీళ్లతోనే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. వాళ్లు అరవరు, బతిమాలతారు.

ఆ ఏడు క్లబ్బు వార్షికోత్సవానికి పెద్దవాళ్లు ఎవరెవరో వస్తున్నారు. మా ఆటలో అందరికీ నచ్చేది ఎత్తు. అన్నయ్య వేగంగా వస్తూనే నన్ను నడుం దగ్గర పట్టి తల మీదకి ఎత్తి, అలాగే గుండ్రంగా తిరిగేవాడు. అప్పటికి కొన్ని నెలలుగా వాడి కుడి భుజం బాగోలేదు. బొగ్గు వేసీ వేసీ పట్టేసింది. ఐవీ మేడమ్ కనిపెట్టింది. చొక్కా విప్పించి, భుజం నొక్కి చూసి, ఈసారి ఎత్తు లేదు అని తేల్చేసింది. సెక్రటరీ సరే అన్నాడు. ఉత్సవానికి ముందు రెండు రోజులు గోపాలానికి బండి డ్యూటీ లేకుండా మాట్లాడతానని కూడా అన్నాడు.

మాట్లాడలేదో, మాట్లాడినా కుదరలేదో తెలియదు. ఉత్సవం రోజు పొద్దున అన్నయ్య గూడ్సు బండి దిగి వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. సాయంత్రం మేం తయారవుతున్న గదిలోకి సెక్రటరీ వచ్చాడు. ఐవీ మేడమ్ అప్పుడు బయట గ్రామఫోన్ దగ్గర ఉంది. అతిథులకి ఎత్తు గురించి ముందే చెప్పేశానని, ఒక్కసారి చేస్తే చాలని, ఆ తర్వాత షెడ్డులో తేలికపాటి పని ఇప్పించే పూచీ తనదని అన్నయ్యతో మెల్లగా చెప్పాడు. అన్నయ్య తల ఊపాడు.

ఆయన వెళ్లాక అడిగాను, భుజం ఎలా ఉందని.

"నాకేటీ అవలేదే. నువ్వు ఊపిరి బిగపట్టి ఉండు, అదే సాలు" అన్నాడు.

ఎత్తాడు. మొదటి చుట్టు బాగానే తిరిగాం. పైనుంచి నాకు దీపాలు, బల్లలు, టోపీలు కనబడ్డాయి. రెండో చుట్టులో నా కుడి పక్క ఖాళీ అయిపోయినట్టు తెలిసింది. అంతే తెలుసు. తుంటి నేలకి తగిలిన చప్పుడు నాకే వినబడింది.

మంచం

తుంటి ఎముక విరిగింది. కాలికి ఇసుక సంచి వేలాడదీసి నెలల తరబడి పడుకోబెట్టారు. ఎముక అతుక్కుంది కానీ కాలు కాస్త పొట్టిదైంది. నేను ఈ రోజుకీ ఒక పక్కకి ఒరిగే నడుస్తాను. పందేలు అక్కడితో అయిపోయాయి.

నా సంగతి ఇంతే, ఎందుకంటే నా చుట్టూ మనుషులున్నారు. నేను పడగానే పదిమంది పరుగెత్తి వచ్చారు. ఎవరో కోటు విప్పి తల కింద పెట్టారు. ఐవీ మేడమ్ బండిలో నా పక్కనే కూర్చుని ఆసుపత్రిదాకా చెయ్యి వదల్లేదు. తర్వాత రోజూ ఎవరో ఒకరు, గోల్ బజార్ నుంచి పళ్లు, పూరీ గేట్ నుంచి చారన్నం. వచ్చిన ప్రతివాళ్లూ మంచం పక్కన కూర్చుని మళ్లీ లేచి తిరుగుతావులే అని చెప్పి వెళ్లేవారు.

అన్నయ్య వారం దాకా రాలేదు. వచ్చినప్పుడు గుమ్మంలోనే నిలబడ్డాడు. అమ్మ నాకు తల దువ్వుతోంది. వాణ్ని చూసి దువ్వెన పక్కన పెట్టింది.

"ఎలాగ ఒగ్గీసినావురా దాన్ని?" అంది.

తిట్టినట్టు కాదు. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టు. అమ్మ చెడ్డది కాదు, ఆ ప్రశ్న ఆమెని కూడా తినేసి ఉంటుంది. అన్నయ్య తన చేతుల వైపు చూసుకున్నాడు. కాసేపు నిలబడి డ్యూటీకి టైమైందని వెళ్లిపోయాడు. నేను వెనకనుంచి అన్నియ్యా అని పిలిచాను. వినబడలేదో, వినబడనట్టు వెళ్లాడో.

సెక్రటరీ పూలు పంపాడు. తేలికపాటి పని మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. ఊళ్లో చాలాకాలం వినబడిన మాట మాత్రం, సొంత చెల్లెల్ని పడేసినవాడు అని. పెద్ద ద్వేషంతో కూడా కాదు, ఇల్లు గుర్తు చెప్పుకోవడానికన్నట్టు.

పాప

వాడు మళ్లీ క్లబ్బు మెట్లెక్కలేదు. బూట్లు ఎవరికో ఇచ్చేశాడు. ఇంజన్ పని మానలేదు. అదే భుజంతో అంత బొగ్గు వేసేవాడు. రెండేళ్లకి పెళ్లయింది, శ్రీకాకుళం దగ్గర పిల్ల, మంచి మనిషి. ఆ తర్వాత ఒక పాప.

పాపని వాడు ఎత్తుకోలేదు. మొదట్లో ఎవరూ గమనించలేదు. పసిపిల్లని ఎత్తుకోవడానికి మగవాళ్లు భయపడడం మామూలే కదా. ఆర్నెల్లయింది, ఏడాదయింది. పాప నడుస్తూ వెళ్లి చేతులు చాచి నిలబడేది. వీడు వెంటనే నేల మీద చతికిలబడి కూర్చునేవాడు, అప్పుడు పాపే ఒళ్లోకి ఎక్కేది. నిలబడి ఉండగా ఆ పిల్ల పాదాలు నేల వదిలేలా వాడు ఒక్కసారీ ఎత్తలేదు. ఖరిదా సంతలో జనంలో నలిగిపోతుంటే కూడా వదినే ఎత్తుకోవాలి. వాడు వెనక సంచులు మోసేవాడు.

వదిన ఒకరోజు నా దగ్గరికి వచ్చి కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది. "పిల్లంటే పేణం ఆయనకి. మరెందుకు ఎత్తుకోడు వదినా? నాకు సెప్పడు" అంది. నాకు జవాబు తెలుసు. మంచినీళ్లిచ్చి పంపేశాను.

అప్పటికి నేను ఐవీ మేడమ్ దగ్గర చిన్నపిల్లలకి గుండ్రాలు నేర్పుతున్నాను. ఆంగ్లో ఇండియన్ ఇళ్లు ఒక్కొక్కటే ఖాళీ అవుతున్న రోజులు. ఆవిడ కూడా ఆస్ట్రేలియాలో ఉన్న కొడుకు దగ్గరికి ప్రయాణమైంది. వెళ్లేముందు సుద్దముక్కల డబ్బా నా చేతిలో పెట్టి, తన రైల్వే హిందీలో ఒక మాట చెప్పింది. నేను పడిన సాయంత్రం నేల మీద తను నేర్పిన పిల్లలు ఇద్దరున్నారట, తను ఒకరినే చూసిందట. ఆసుపత్రిలో నన్ను నర్సుకి అప్పజెప్పి, తను వెనక్కి హాల్లోకి అన్నయ్య దగ్గరికి రావలసిందట. అది చెప్పేటప్పుడు ఆవిడ నా ముఖం చూడలేదు. నేనేదో మర్యాదకి అలాంటిదేమీ లేదని అన్నాను. ఆవిడ చెప్పింది నాకు అప్పటికి పూర్తిగా ఎక్కలేదు.

ఎక్కింది అన్నయ్య మంచం పట్టాక. నలభై కూడా నిండకుండానే వాడి ఊపిరితిత్తులు చెడిపోయాయి. ఆఖరి నెలల్లో నేను రోజూ వెళ్లి కూర్చునేదాన్ని. ఒక మధ్యాహ్నం వదిన నీళ్లకి వెళ్లినప్పుడు, ఇన్నేళ్లూ లోపల పెట్టుకున్నది చెప్పేశాను. ఆవాళ నీ భుజం బాగోలేదు, రైలు దిగి వచ్చినవాణ్ని బతిమాలి ఎత్తించింది ఆ పెద్దమనిషి, నీ తప్పు కాదు, నేను ఒక్కనాడూ అలా అనుకోలేదు అన్నాను.

వాడికి దగ్గు తెర వచ్చింది. అది ఆగాక అన్నాడు:

"తప్పు గురించి కాదే సరోజా. నువ్వు పడ్డావు, అందరూ నిన్ను మోసుకెళ్లినారు. మంచిదే, మోసుకెళ్లాలి. హాలు ఖాళీ అయిపోయింది. నాను అక్కడే నిలబడున్నాను. ఒక్కడైనా నా కాడికొచ్చి, ఒరే, నువ్వు కూడా ఇంటికి పదరా అంటాడేమో అని సూసినాను."

"ఎవరూ రాలేదా?"

"తలుపులు ఏసుకోడానికి దర్వాన్ వచ్చినాడు. ఎల్లండి బాబూ అన్నాడు."

ఆ వానాకాలంలోనే పోయాడు. పాప అప్పటికి బడికి పోతోంది.

ఆ తర్వాత

పడినవాళ్ల గురించి ఈ పనిలో అందరికీ తెలుసు. కట్టు ఎలా కట్టాలో, మళ్లీ నేల మీదకి ఎప్పుడు దింపాలో నేర్పుతారు. పడేసినవాడి గురించి ఎవరూ నేర్పరు. వాడికి దెబ్బ తగిలినట్టు కనబడదు కాబట్టి వాడికి ఏమీ కాలేదనుకుంటాం. ఇది మీకు ఏ శిక్షణలోనూ చెప్పరు, అందుకే నేను చెబుతున్నాను.

డెబ్బైల నడిమి సంవత్సరాల్లో నా దగ్గర ఒక జంట ఉండేది. ఖరిదా నుంచి వచ్చే ప్రకాశ్ అని తెలుగు కుర్రాడు, ఇందా పేట నుంచి వచ్చే మిఠు అని బెంగాలీ పిల్ల. ఒక మధ్యాహ్నం సాధనలో, తల మీదకి కూడా కాదు, ఛాతీ ఎత్తు నుంచి ప్రకాశ్ చేతిలోంచి మిఠు జారిపోయింది. చెమట చెయ్యి, అంతకుమించి కారణం లేదు. భుజం ముందరి ఎముక విరిగింది.

నేను ముందు మిఠు దగ్గరికే వెళ్లాను. స్పృహలో ఉంది, వేళ్లు కదుపుతోంది. చెయ్యి ఛాతీకి ఆనించి తువ్వాలుతో కట్టాను. వాళ్ల మేనత్త అక్కడే ఉంది, క్లబ్బు పక్కనే ఉండే కాంపౌండరు కూడా వచ్చాడు. ఇద్దర్నీ రిక్షాలో మిఠుకి తోడు ఎక్కించాను. మేనత్త నన్ను కూడా ఎక్కమంది. మీరు పదండి దీదీ, నేను వెనకాలే వస్తాను అన్నాను. ఆవిడ నన్ను చూసిన చూపు నాకింకా గుర్తుంది.

దాని ఫలితం ముందే చెప్పేస్తాను. మిఠు తండ్రి క్లబ్బుకి వచ్చి గొడవ పెట్టాడు. దెబ్బ తగిలిన ఆడపిల్లని వదిలేసి, పడేసినవాడి దగ్గర కూర్చుందట మీ మాస్టరమ్మ, తెలుగువాడని కదూ అన్నాడు. తండ్రిగా ఆయన కోపం నాకు అర్థమైంది. కమిటీవాళ్లు నా జవాబు విన్నారు, ఒకాయన తల కూడా ఊపాడు, కానీ జంటల శిక్షణ నా చేతిలోంచి తీసేశారు. మానేసేదాకా చిన్నపిల్లలకి గుండ్రాలే నేర్పాను. మిఠు ఎముక చక్కగా అతికింది, అయినా వాళ్లు ఆ పిల్లని మళ్లీ పంపలేదు. మంచి స్కేటర్ కావలసిన పిల్ల. ఆ నష్టం నష్టమే. నేను చేసింది అందరికీ మేలు చేసిందని చెప్పను.

ఆ మధ్యాహ్నం రిక్షా కదిలాక నేను హాల్లోకి తిరిగి వచ్చాను. మిగతా పిల్లలు గోడ పక్కన గుంపుగా నిలబడి గుసగుసలాడుతున్నారు. ప్రకాశ్ నేల మధ్యలో, మిఠు పడిన చోటే ఉన్నాడు. రెండు చేతులూ ఇంకా కాస్త ముందుకి చాచి ఉన్నాయి. నేను పిల్లల్ని ఇళ్లకి పంపేశాను. ప్రకాశ్ దగ్గరికి వెళ్లి, తువ్వాలుతో వాడి అరచేతులు తుడిచి, సుద్దపొడి రాశాను.

"మిఠుకి ఏమీ భయం లేదు. ఎముక అతుక్కుంటుంది. ఇప్పుడు ఎత్తు" అన్నాను.

"ఎవర్ని మేడమ్?"

"నన్ను."

వాడు నా కాలు వైపు చూశాడు. నాకు సేత కాదు మేడమ్ అన్నాడు. వెనక్కి ఒక అడుగు వేశాడు.

"ఈవేళ ఎత్తకపోతే ఇంకెప్పుడూ ఎత్తలేవు. నాకు తెలుసు. ఎత్తు బాబూ" అన్నాను.

చీర కుచ్చిళ్లు బిగించి వాడి ముందు నిలబడ్డాను. అన్నయ్య చేతుల్లోంచి పడ్డాక నన్ను ఎవరూ అలా నడుం పట్టి ఎత్తలేదు, నేను ఎవర్నీ ఎత్తనివ్వలేదు. నాకూ భయమే. వాడు ముక్కు ఎగబీల్చి, మోకాళ్లు వంచి, నా నడుం రెండు పక్కలా చేతులు వేశాడు. ఊపిరి బిగపట్టాను. పాదాలు నేల వదిలాయి. ఎత్తంటే ఎంతో కాదు, జానెడు. పొట్టి కాలు, పొడుగు కాలు రెండూ గాల్లో వేలాడుతుండగా వాడు నన్ను అలాగే పట్టుకుని నిలబడ్డాడు, కళ్ల వెంట నీళ్లు కారుతూ.

తర్వాత మెల్లగా దించాడు. నా పాదాలు నేలకి ఆనాక కూడా చాలాసేపు చేతులు తియ్యలేదు. నేను తియ్యమనలేదు.